ఎంజీబీ హీటర్ బ్లోయర్ కీచుమంటోంది: మోటార్ మార్చాలా, బుష్‌లకు ఆయిల్ పడితే చాలా?

డెర్బీ_శీను · డెర్బీ, ఇంగ్లండ్

అందరికీ నమస్తే. బండి 1972 ఎంజీబీ జీటీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంజిన్ బాగుంది, గేర్లు బాగున్నాయి, గొడవంతా హీటర్ ఫ్యాన్‌తోనే. చలి పొద్దున స్విచ్ వేయగానే కీచుమని ఒకటే అరుపు, పక్కింటివాళ్లు కర్టెన్ తప్పించి చూసేంత. కాసేపయ్యాక అరుపు తగ్గి సన్నగా గురగుర మంటుంది. ఈ మధ్య ఒక్కోసారి అసలు తిరగడమే లేదు, బానెట్ ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ మీద టక్కున ఒకటి ఇస్తేనే కదులుతోంది. గాలి కూడా అంతంతమాత్రం, అద్దం మీద ఆవిరి పోయేలోపు ఆఫీసు వచ్చేస్తుంది.

ఇక్కడి గ్యారేజీ ఆయన హీటర్ డబ్బా మొత్తం దించాలి, కొత్త మోటార్ వేయాలి అని కూలీతో సహా లెక్క చెప్పాడు, వినగానే కళ్లు తిరిగాయి. కొత్త మోటార్ల గురించి చదివితే సగం మంది బ్రహ్మాండం అంటారు, సగం మంది ఏడాది తిరక్కుండానే మళ్లీ అరుపు మొదలైందంటారు. పాతదాన్నే విప్పి ఆయిల్ పడితే పని జరుగుతుందా? డబ్బా దించకుండా మోటార్ ఒక్కటే బయటికి వస్తుందా? బ్రేకులు, కార్బురేటర్ లాంటివి నేనే చేసుకుంటాను కానీ మోటార్ విప్పడం ఇదే మొదలు.

పాతబండి_పవన్ · హైదరాబాద్

శీను అన్నా, కారులో హీటర్ పని చేయాలని కోరుకునే తెలుగోళ్లు కూడా ఉన్నారా! మే నెలలో మా పద్మిని కారు డోర్ తీసి లోపల కూర్చో, మోటార్ గీటార్ ఏమీ అక్కర్లేకుండానే వేడి గ్యారంటీ. సరే జోకులు పక్కనపెడితే, అంత ఆలోచన దేనికి, సందులోంచి డబ్ల్యూడీ-40 ఒక్క చిమ్ము చిమ్ము, మధ్యాహ్నానికల్లా నోరు మూస్తుంది.

ఆటోనగర్_మావయ్య · విజయవాడ

పవన్ బాబూ, ఆ సలహా మాత్రం వెనక్కి తీసుకో. మధ్యాహ్నానికి నోరు మూసే మాట నిజమే, వారం తిరిగేసరికి ఇంకా పెద్ద నోరు తెరుస్తుంది. అది 1953లో అమెరికాలో తేమను తోలేసి తుప్పు ఆపడానికి తయారుచేసిన సరుకు, అందులో ఎక్కువ భాగం ద్రావకమే. బుష్‌లో మిగిలిన కాస్త నూనెను కడిగేసి తను ఆవిరైపోతుంది. బిగుసుకున్న నట్టుకు కొట్టు, నేనూ కొడతాను, తిరిగే బుష్‌కు వద్దు.

శీను అల్లుడూ, నువ్వు చెప్పినవన్నీ ఒకే జబ్బు లక్షణాలు. చల్లగా ఉన్నప్పుడు అరవడం, వేడెక్కాక తగ్గడం, తడితే కదలడం. బుష్‌లు, అంటే షాఫ్ట్ తిరిగే గొట్టం ముక్కలు, ఎండిపోయాయి. వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) కాలితే కమురు వాసన వస్తుంది లేదా ఫ్యూజు పోతుంది గానీ కీచుమనదు. తట్టినప్పుడు కదలడంలో కార్బన్ల (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) వాటా కూడా ఉండొచ్చు, అది విప్పాక చూద్దాం.

ఆ కాలపు హీటర్ మోటార్లకు మామూలుగా బాల్ బేరింగులు ఉండవు. షాఫ్ట్ రెండు చివర్లా కంచు బుష్‌లు. పోత పోసిన కంచు కాదది, కంచు పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసినది, స్పాంజి మాదిరి లోపలంతా కంటికి కనపడని రంధ్రాలు. ఫ్యాక్టరీలోనే వాటిలోకి నూనె పట్టిస్తారు, బుష్ పరిమాణంలో ఇంచుమించు ఐదో వంతు నూనే ఉంటుంది. 1930ల్లోనే క్రైస్లర్ వాళ్లు ఇలాంటివి ఆయిలైట్ పేరుతో తెచ్చారు. షాఫ్ట్ తిరిగి వేడెక్కితే నూనె పైకి ఊరుతుంది, ఆగి చల్లారితే మళ్లీ లోపలికి పోతుంది. బుష్ చుట్టూ ఫెల్టు (ఉన్ని నొక్కి చేసిన మందపు గుడ్డ) ముక్క ఉంటుంది, నూనె నిల్వ దానిలో. 50 ఏళ్లకు ఆ ఫెల్టు ఎండి అట్టముక్క అవుతుంది, మిగిలిన నూనె జిగురవుతుంది, చలికి ఆ జిగురు బిగుసుకుంటుంది. నీ పొద్దుటి అరుపు అదే.

మోటార్ పారేయకు. పాత స్మిత్స్ కంపెనీ మోటార్ అయితే దాని రాగీ, రేకూ ఇప్పుడు వచ్చేవాటికంటే దిట్టంగా ఉంటాయి.

లూకాస్_లక్ష్మి · లీడ్స్, ఇంగ్లండ్

శీను గారూ, మావయ్య గారు చెప్పిందాంతో గొడవ లేదు, కానీ పాన పట్టే ముందు మల్టీమీటర్ పట్టండి. గాలి తక్కువ రావడానికి బుష్‌లు ఒక్కటే కారణం కాకపోవచ్చు. మోటార్ తిరుగుతుండగా (ఆపి చూస్తే ఏమీ తెలియదు) దాని రెండు వైర్ల మధ్య ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూడండి, వెంటనే బ్యాటరీ దగ్గర ఎన్ని ఉన్నాయో చూడండి. మీ బండికి సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు వచ్చి ఉంటాయి, చాలామంది వాటిని తీసి ఒక్క 12 వోల్టులది పెట్టుకున్నారు, ఏదైనా ఫర్వాలేదు. తేడా ఒక వోల్టు దాటిందంటే దారిలో ఎక్కడో కరెంటు పోతోంది.

తర్వాత ఎర్త్ విడిగా చూడండి. మోటార్ నుంచి వచ్చే నల్ల వైరు ఎర్త్. మీటర్ నల్ల పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర పుల్ల ఆ నల్ల వైరు మీద పెట్టి స్విచ్ వేయండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు, ముప్పావు వోల్టు చూపిస్తే ఎర్త్ పాడైనట్టే. ఈ బళ్లలో వైర్ల చివర బుల్లెట్ కనెక్టర్లు ఉంటాయి, రబ్బరు తొడుగు తీస్తే లోపల పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, రోగం చాలాసార్లు అక్కడే.

ఫ్యూజు కూడా ఒకసారి చూడండి. పాత లూకాస్ కంపెనీ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది తెగే కరెంటు, నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. మామూలు షాపులో 35 ఆంపియర్లు అని అడిగి తెచ్చిన ఫ్యూజు వేస్తే అది తెగే లోపు వైరింగు కాలుతుంది. అదే ఫ్యూజు మీద బ్రేకు లైట్లు, ఇండికేటర్లు కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి. బిగుసుకున్న మోటార్ తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతుంది, రోడ్డు మీద ఫ్యూజు పోతే హీటర్‌తో పాటు బ్రేకు లైట్లూ పోతాయి.

డబ్బా దించనక్కర్లేదు. ఎంజీబీలో హీటర్ డబ్బా ఇంజిన్ వెనక, బల్క్‌హెడ్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) మీద కూర్చుంటుంది, మోటార్ ఇంజిన్ వైపుకి ఉంటుంది. చుట్టూ మూడు స్క్రూలు, అవి తీస్తే ఫ్యాన్‌తో సహా ముందుకి వచ్చేస్తుంది. అడ్డొచ్చే వైర్లు, గొట్టాలు పక్కకు తప్పించుకోవాలి, చేతి వేళ్లు కాస్త గీసుకుంటాయి, అంతే. డబ్బా దించడమంటే లోపలి డక్టులు, కేబుళ్లు, నీళ్లు, మళ్లీ పెట్టేటప్పుడు ఏడుపు, అదో పెద్ద కథ. లోపలి రేడియేటర్ కారితే తప్ప ఆ జోలికి పోవద్దు.

డెర్బీ_శీను · డెర్బీ, ఇంగ్లండ్

లక్ష్మి గారూ, మీరు చెప్పినట్టే చూశాను. బ్యాటరీ దగ్గర 12.5, మోటార్ దగ్గర 10.3. ఎర్త్ వైపే 0.9 పోతోంది. బుల్లెట్లు విప్పితే నిజంగానే పచ్చగా, పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. రెండు వైపులా శుభ్రం చేసి, ఒక కనెక్టర్ కొత్తది వేశాను, ఇప్పుడు మోటార్ దగ్గర 11.8. గాలి బాగా పెరిగింది, మా ఆవిడ కూడా గమనించింది. అరుపు మాత్రం తగ్గలేదు సరికదా, స్పీడు పెరిగింది కాబట్టి శ్రుతి కూడా పెరిగింది. శనివారం మోటార్ దించుతున్నాను. మావయ్యా, ఏం చూడాలో ముందే చెప్పండి.

బంజారా_బెంజ్ · హైదరాబాద్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది 1983 మెర్సిడెస్ డబ్ల్యూ123, 240డీ. పవన్ లాంటివాళ్లు హీటర్ అంటే నవ్వుతారు గానీ ఈ బండిలో ఏసీ గాలిని తోలేది కూడా అదే బ్లోయర్ మోటార్, అది ఆగిందంటే ఏప్రిల్‌లో మనం అయిపోయినట్టే. ఇంకో సంగతి, పాత కారు ట్రాఫిక్‌లో వేడెక్కి ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే హీటర్ ఫుల్లుగా పెట్టి ఫ్యాన్ వేయడమే చేతిలో ఉన్న మందు. హీటర్ కోర్ అంటే ఇంకో చిన్న రేడియేటరే కదా. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మే నెలలో కిటికీలు దించి హీటర్ పెట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చున్న వాణ్ని చూసి పిచ్చోడనుకోకండి, ఇంజిన్ హెడ్డు కాపాడుకుంటున్నాడు.

మాదాంట్లో అరుపు లేదు, స్విచ్ వేస్తే ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు, గుంత పడితే తిరుగుతుంది. గ్లోవ్ బాక్స్ కింద కవర్లు తీస్తే మోటార్ అందుతుంది. విప్పి చూస్తే కార్బన్లు అరిగి పొట్టివైపోయి కమ్యుటేటర్‌కి (షాఫ్ట్ మీద కార్బన్లు రాసుకునే రాగి ముక్కల వలయం) తగలీ తగలనట్టు ఉన్నాయి. రాణిగంజ్‌లో కొలత చూపించి కొంచెం పెద్ద కార్బన్లు తెచ్చి, అరగదీసి సైజుకి తెచ్చి వేశాం. బుష్‌లకు ఏ ఆయిల్ వేయాలో నాకూ డౌటే, మావయ్య గారి జవాబు కోసం చూస్తున్నా.

ఆటోనగర్_మావయ్య · విజయవాడ

అల్లుడూ, ముందు బ్యాటరీ వైరు తీసేయ్. మోటార్ బల్ల మీదికొచ్చాక ఫ్యాన్ తీసే ముందు అది షాఫ్ట్ మీద ఎంత లోపలికి కూర్చుందో కొలిచి రాసుకో, ముందు వైపు ఏదో మార్కర్‌తో గుర్తు పెట్టు. ఫ్యాన్ ప్లాస్టిక్‌దైతే స్ప్రింగ్ క్లిప్పు జాగ్రత్త, పాత ప్లాస్టిక్ పెళుసు, లాగితే బొడ్డు దగ్గర పగులుతుంది. వేడి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపాగి రెండు వైపులా సమంగా నెట్టు.

బాడీ విప్పే ముందు రెండు మూతల మీదుగా బాడీ మీదికి ఒక అడ్డగీత గీయ్, మళ్లీ అదే వరసలో కూర్చోవాలి. కొన్నిటికి పొడుగు బోల్టులు ఉంటాయి, కొన్నిటికి రేకు నాలుకలు మడత పెట్టి ఉంటాయి. నాలుకలైతే పూర్తిగా నిటారుగా లేపకు, రెండోసారికి విరిగిపోతాయి, మూత బయటికి వచ్చేంత లేపితే చాలు. షాఫ్ట్ మీద సన్న వాషర్లు ఉంటాయి, ఫైబర్‌వి, స్టీల్‌వి, ఏది ఏ వైపు ఏ వరసలో ఉందో ఫోటో తీసుకో. అవి తారుమారైతే ఆర్మేచర్ (షాఫ్ట్‌తో పాటు తిరిగే తీగచుట్టల భాగం) ముందుకీ వెనక్కీ ఆడి టకటకమంటుంది, అప్పుడు కీచు పోయి టకటక వచ్చిందని మళ్లీ ఇక్కడికే వస్తావు.

ఆర్మేచర్ తీసేటప్పుడు కార్బన్లు స్ప్రింగు దెబ్బకి ఎగిరి గ్యారేజీ మూలకు పోతాయి. కింద తెల్ల గుడ్డ పరుచుకో. విప్పి ఫోటోలు పెట్టు, మిగతాది చూసి చెప్తా.

డెర్బీ_శీను · డెర్బీ, ఇంగ్లండ్

దించాను. లక్ష్మి గారు చెప్పినట్టు మూడు స్క్రూలే, కాకపోతే కింది దానికి అద్దం పెట్టుకుని చేతి తడుములాటతో తీయాల్సి వచ్చింది. ఫ్యాన్ మూడు రెక్కల ప్లాస్టిక్‌ది, బొడ్డు దగ్గర వెంట్రుకంత పగులు ముందే ఉంది. డబ్బా లోపల ఎండాకులు, ఏదో పిట్ట ఈక, ఎలుక కొరికిన నురుగు ముక్కలు, గుప్పెడు తీశాను.

మోటార్ లోపల సంగతి. ఫ్యాన్ వైపు బుష్ దగ్గర ఫెల్టు నల్లగా, గోరుతో నొక్కితే దిగనంత గట్టిగా ఉంది. షాఫ్ట్ మీద బుష్ కూర్చునే చోట గోధుమ రంగు వార్నిష్ లాంటి పొర, వేలితో రుద్దితే పోదు. దాన్ని తుడిచాక కింద ఉక్కు నున్నగానే ఉంది, గాడి పడలేదు. బుష్‌లు మూతల్లో గోళీల్లాగా గుండ్రంగా ఉన్నాయి, చుట్టూ స్ప్రింగ్ రేకు పట్టి ఉంది, వేలితో నెడితే కొంచెం వాలుతున్నాయి. అది లూజైనట్టా? షాఫ్ట్ పెట్టి ఊపితే పెద్ద ఆట తెలియడం లేదు. కార్బన్లు సగానికి పైగా ఉన్నాయి కానీ ఒకటి దాని గూట్లో ఇరుక్కుపోయి కదలడం లేదు. కమ్యుటేటర్ నల్లగా ఉంది. పాత ఓనర్ ఎవరో వెనక బుష్‌కి గ్రీజు దట్టించినట్టున్నారు, అది సబ్బులా గడ్డకట్టింది.

పాతబండి_పవన్ · హైదరాబాద్

గ్రీజు పెడితే తప్పేంటి? మా ఇంట్లో కూలర్ మోటార్‌కి ప్రతి వేసవికి గ్రీజే పెడతా, నడుస్తూనే ఉంది.

ఆటోనగర్_మావయ్య · విజయవాడ

మీ కూలర్ మోటార్‌లో బాల్ బేరింగులు ఉంటే గ్రీజు పెట్టు, శుభ్రంగా పెట్టు. బుష్‌కి మాత్రం కాదు. గ్రీజు ఆ సన్న రంధ్రాల్లోకి పోలేదు, పైన మూతలా కూర్చుని ఫెల్టు నుంచి వచ్చే నూనెకి దారి మూసేస్తుంది. గ్రాఫైట్ గ్రీజు, మాలీ గ్రీజు అయితే మరీ, అందులోని పొడి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. శీను మోటార్‌లో వెనక బుష్ చూశావుగా, సబ్బు.

శీనూ, అది లూజు కాదు, అలా వాలాలి. గుండ్రటి బుష్ పెట్టేదే అందుకు, షాఫ్ట్ ఎటుంటే అటు తిరిగి వరస కుదురుతుంది. దాన్ని అతికించడం గానీ రేకు గట్టిగా నొక్కడం గానీ చేయకు. షాఫ్ట్‌కి గాడి పడలేదంటే అదృష్టవంతుడివి, బుష్‌లు మార్చే పని లేదు.

ఇక పని ఇది. పాత ఫెల్టు తీసేయ్. గ్రీజు గడ్డను పుల్లతో గోకి, మిగిలింది కిరోసిన్‌లోనో మీకక్కడ దొరికే వైట్ స్పిరిట్‌లోనో కడుగు. బుష్ లోపల గరుకు కాగితం, రీమర్ ఏవీ పెట్టకు, రంధ్రాల నోళ్లు మూసుకుపోతాయి. షాఫ్ట్ మీది పొరను స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో ఓపిగ్గా రుద్దు, పోతుంది.

ఆరాక నూనె పట్టించడం. మూతలోంచి బుష్ తేలిగ్గా వచ్చేట్టుంటే తీసి చిన్న డబ్బాలో నూనె పోసి అందులో ముంచు, ఆ డబ్బాని మరిగించిన నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టు. పొయ్యి మంట మీద నేరుగా పెట్టకు. నూనె వేడెక్కేకొద్దీ బుష్ నుంచి సన్నగా బుడగలు లేస్తాయి, లోపలి గాలి బయటికి వస్తోందన్నమాట. బుడగలు ఆగాక అలాగే నూనెలోనే చల్లారనివ్వాలి, తీసేయకూడదు, చల్లారేటప్పుడే నూనెను లోపలికి పీల్చుకుంటుంది. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. బుష్ రాకపోతే బలవంతం చేయకు, మూతను వెల్లకిలా పెట్టి బుష్ గుంతలో నూనె నింపి పైనుంచి హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ, ఇంకినప్పుడల్లా పోస్తూ ఉండు. కార్బన్ గూళ్లున్న మూత అయితే నూనె అటు పారకుండా చూసుకో.

ఏ నూనె అంటావు, డిటర్జెంట్ లేని ఎస్ఏఈ 20 మోటార్ నూనె లేదా టర్బైన్ ఆయిల్ ఐఎస్ఓ 68, రెండూ ఇంచుమించు ఒకటే చిక్కదనం. త్రీ-ఇన్-వన్‌లో నీలం లేబుల్ డబ్బా ఎలక్ట్రిక్ మోటార్లకని ఎస్ఏఈ 20 వస్తుంది, దొరికితే అది తీసుకో. కుట్టు మిషన్ ఆయిల్ బాగా పల్చన, కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ నిలవదు. కొబ్బరినూనె పోసినవాళ్లని కూడా చూశాను, మీ డెర్బీ చలికి అది షాఫ్ట్ చుట్టూ పెరుగు తోడుకున్నట్టు ఉంటుంది కాబట్టి వద్దు. కొత్త ఫెల్టు దొరుకుతుంది, ఉన్ని ఫెల్టు తీసుకో, నైలాన్‌ది నూనె పీల్చదు. కత్తిరించి, నూనెలో నానబెట్టి, వేళ్లతో పిండి పెట్టు. కారేలా కాదు.

లూకాస్_లక్ష్మి · లీడ్స్, ఇంగ్లండ్

పిండి పెట్టు అన్న మాట దగ్గర నేను ఇంకో గీత గీస్తున్నాను. ఎక్కువైన నూనె షాఫ్ట్ వెంట పాకి కమ్యుటేటర్ మీదికి వస్తే కార్బన్ పొడితో కలిసి నల్ల ముద్దవుతుంది, రాగి ముక్కల మధ్య గాడులు నిండి షార్ట్ అవుతుంది. అరుపు ఆగి పొగ మొదలవుతుంది.

కమ్యుటేటర్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గట్టి గుడ్డ చాలు. మరీ గరుగ్గా ఉంటే 600 నంబరు శాండ్‌పేపర్ సన్న పట్టీ చుట్టి ఆర్మేచర్‌ని చేత్తో తిప్పండి. ఎమ్రీ కాగితం వద్దు, దాని రేణువులు కరెంటు మోసేవి. తర్వాత చెక్క టూత్‌పిక్‌తో ఒక్కో గాడీ గోకండి, విసుగు పని, టీవీ చూస్తూ చేసుకోవచ్చు. ఇరుక్కున్న కార్బన్ బయటికి తీసి గూడు లోపల శుభ్రం చేసి, కార్బన్ పక్కలను తెల్ల కాగితం మీద రెండు మూడుసార్లు రుద్దండి, దాని బరువుకే జారి పడాలి. మీకు తడితే తప్ప తిరగకపోవడానికి ఇదే కారణం అని నా అనుమానం, బుష్‌లు అరవడానికి కారణమైతే కార్బన్ మొండికేయడానికి కారణం.

ఫ్యాన్ పగులుకి జిగురు పెట్టి నమ్ముకోకండి, కొత్తది కొనండి, ఖరీదు కాదు. ప్లాస్టిక్ మీద బ్రేక్ క్లీనర్ పడనీయొద్దు.

మెల్‌బోర్న్_మురళి · మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా

ఈ చర్చ చదువుతుంటే నా సమస్య గుర్తొచ్చింది. 1965 ఎంజీబీ రోడ్‌స్టర్, మొదట పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపిన) బండి, నాకు అమ్మినాయన నెగటివ్ ఎర్త్‌కి మార్చాడు. హీటర్ మోటార్ చప్పుడు లేకుండా చక్కగా తిరుగుతుంది, గాలి మాత్రం ముక్కుతో ఊదినట్టు. బుష్‌లదీ తప్పు కాదు, వోల్టులూ బాగున్నాయి.

లూకాస్_లక్ష్మి · లీడ్స్, ఇంగ్లండ్

మురళి గారూ, మోటార్ ఉల్టా తిరుగుతుండొచ్చు. ఎంజీబీలు 1967 చివర్లో నెగటివ్ ఎర్త్‌కి మారాయి, మీది అంతకుముందుది. మోటార్‌లో శాశ్వత అయస్కాంతాలుంటే కరెంటు దిశ మారితే తిరిగే దిశా మారుతుంది. అయస్కాంతాల బదులు ఫీల్డ్ కాయిల్ ఉన్న మోటార్‌కి ఈ బాధ లేదు, కాయిల్, ఆర్మేచర్ రెండిట్లోనూ కరెంటు కలిసి తిరగబడుతుంది కాబట్టి ఎటు కలిపినా ఒకే వైపు తిరుగుతుంది. మీ ఫ్యాన్ డ్రమ్ము ఆకారంలో, చుట్టూ పలకలున్నదైతే ఉల్టా తిరిగినా గాలి బయటికే వస్తుంది, కాకపోతే చాలా తక్కువ. మోటార్ దగ్గర రెండు వైర్లు అటుదిటు మార్చి చూడండి, మోటార్ బాడీకి లోపల ఎర్త్ కలిసి లేదని మీటర్‌తో నిర్ధారించుకున్నాకే.

మెల్‌బోర్న్_మురళి · మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా

మార్చాను. డాష్ మీద పెట్టిన పార్కింగ్ రసీదు ఎగిరిపోయింది. థాంక్యూ లక్ష్మి గారూ, ఇన్నేళ్లూ ఆ బండి హీటర్లే అంత అనుకున్నాను.

ఎడిసన్_ఇటుకబండి · ఎడిసన్, న్యూజెర్సీ

మీరంతా మూడు స్క్రూలు అని ఎంత తేలిగ్గా అంటున్నారో. నాది 1990 వోల్వో 240. ఇందులో బ్లోయర్ డాష్ నట్టనడుమ, హీటర్ డబ్బా లోపల ఉంటుంది, రెండు వైపులా రెండు ఫ్యాన్ చక్రాలు. ముందు బ్లోయర్‌ని నేల మీద పెట్టి దాని చుట్టూ కారు కట్టారని ఓనర్ల జోకు. నాదీ అదే కీచు, జనవరిలో మరీ. డబ్బాకి చిన్న రంధ్రం చేసి, పొడుగు గొట్టంతో బుష్ మీద నూనె కొట్టొచ్చని ఇక్కడ కొందరు అంటున్నారు. చేయొచ్చా?

ఆటోనగర్_మావయ్య · విజయవాడ

చేయొచ్చు, కానీ అది వాయిదా వేసుకోవడం, సర్వీసింగ్ కాదు. ఎండిన ఫెల్టు మీద బయటినుంచి పోసిన నూనెలో లోపలికి పోయేది కొంచెమే. చలికాలం గడవడానికైతే సరే. డ్రిల్లు ముక్క డబ్బాలోకి ఎంత దిగాలో టేపు చుట్టి గుర్తు పెట్టుకో, రజను ఫ్యాన్‌లో పడకుండా డ్రిల్లు కొసకి గ్రీజు రాయి, నూనె చుక్కలు లెక్కపెట్టి వేయి. స్ప్రే డబ్బాతో మాత్రం కొట్టకు, కమ్యుటేటర్ అంతా తడుస్తుంది. ఎండాకాలం వచ్చాక సెలవు పెట్టి మొత్తం విప్పు. అంత విప్పాక మాత్రం పాత మోటార్‌కి ఆయిల్ పట్టి మళ్లీ పెట్టమని చెప్పను, కొత్తదే వేయి. రెండోసారి విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. శీనుది మూడు స్క్రూల పని కాబట్టి పాతదే బాగుచేసుకోమన్నాను, రేపు అరిచినా మళ్లీ గంటలో దించుకోగలడు.

కొత్తగా_చేరా · కాకినాడ

అందరికీ నమస్కారం, నా దగ్గర 1967 బీటిల్ ఉంది, దీనికి బ్లోయర్ మోటార్ ఎక్కడుంటుందో చెప్తారా, ఎంత వెతికినా కనపడలేదు.

బంజారా_బెంజ్ · హైదరాబాద్

ఉండదు కాబట్టి కనపడలేదు. ఇంజిన్‌ని చల్లార్చే ఫ్యాన్ గాలినే సైలెన్సర్ గొట్టాల చుట్టూ తిప్పి వేడిచేసి లోపలికి పంపుతారు. ఆయిల్ పట్టాల్సిన బాధ తప్పింది, కాకినాడలో వాడే బాధా తప్పింది.

డెర్బీ_శీను · డెర్బీ, ఇంగ్లండ్

బిగించేశాను. బుష్‌లు బయటికి రాలేదు, మావయ్య చెప్పిన హెయిర్ డ్రయర్ పద్ధతే. మొదట పోసిన నూనె నిమిషంలో మాయమైంది, తర్వాత నెమ్మదించింది, చివరికి గుంతలో అలాగే నిలిచింది. (డ్రయర్ ఎవరిదో, దాని వాసన గురించి ఇంట్లో ఏం చర్చ జరిగిందో ఇక్కడ రాయను.) కొత్త ఫెల్టు, కొత్త ఫ్యాన్. ఇరుక్కున్న కార్బన్ ఇప్పుడు జారుతోంది.

బల్ల మీద 12 వోల్టులిచ్చి తిప్పితే కీచు లేదు కానీ మూత బోల్టులు పూర్తిగా బిగిస్తే స్పీడు తగ్గుతోంది, కాస్త వదులు చేస్తే లేచిపోతోంది. దీని సంగతేంటి మావయ్యా?

ఆటోనగర్_మావయ్య · విజయవాడ

బుష్‌లు ఇంకా వరస కుదరలేదు. మోటార్ తిరుగుతుండగానే స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మూతల చుట్టూ మెల్లగా తడుతూ బోల్టులు కొంచెం ఇటు, కొంచెం అటు బిగించుకుంటూ రా. ఒక దెబ్బకి స్పీడు ఒక్కసారిగా పెరుగుతుంది, చెవికే తెలుస్తుంది, అక్కడ ఆపి బిగించేయ్. టేబుల్ ఫ్యాన్లకి రోజూ చేసే పనే ఇది. తర్వాత అరగంట బల్ల మీదే తిరగనిచ్చి బుష్ దగ్గర చెయ్యి పెట్టి చూడు, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మళ్లీ విప్పాలి. కొత్తగా బయటికి ఊరిన నూనె తుడిచేయ్.

డెర్బీ_శీను · డెర్బీ, ఇంగ్లండ్

కుదిరింది! నాలుగో ఐదో దెబ్బకి చప్పుడే మారిపోయింది. బండికి పెట్టాక ఈ పొద్దున మైనస్ 2లో స్విచ్ వేస్తే గాలి శబ్దం తప్ప ఏమీ లేదు, తట్టే పని కూడా లేదు. కొత్త మోటార్‌కి పెట్టాల్సిన డబ్బులో పదో వంతు కూడా కాలేదు.

ఇప్పుడు కొత్త గోల. గాలి జోరుగా వస్తోంది కానీ గోరువెచ్చగానే ఉంది.

లూకాస్_లక్ష్మి · లీడ్స్, ఇంగ్లండ్

మోటార్ పని అయిపోయింది, ఇక నీళ్ల వైపు చూడాలి. ఇంజిన్ వేడెక్కాక హీటర్‌కి వెళ్లే గొట్టం, వచ్చే గొట్టం రెండూ పట్టుకుని చూడండి. వెళ్లేదే చల్లగా ఉంటే సిలిండర్ హెడ్డు మీదున్న హీటర్ వాల్వు పూర్తిగా తెరుచుకోవడం లేదు, కేబుల్ జారి ఉంటుంది, లేదా లోపల మడ్డి పట్టింది. వెళ్లేది వేడిగా, వచ్చేది చల్లగా ఉంటే హీటర్ రేడియేటర్ పూడుకుపోయింది, రెండు గొట్టాలూ తీసి తోట నీళ్ల పైపుతో వెనక దిశలో కడగండి, మెల్లగా, పాత ఇత్తడి అతుకులు ఒత్తిడికి ఊడతాయి. పచ్చ కూలెంట్ కింద పారనీయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది విషం.

రెండూ వేడిగానే ఉంటే ఎలుక కొరికిన నురుగు ముక్కలు దొరికాయన్నారు కదా, అక్కడుంది కిటుకు. ఆ నురుగు రేడియేటర్ చుట్టూ సందులు మూసే సీలు. అది పోతే గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్క సందుల్లోంచి చల్లగానే లోపలికి వస్తుంది. దానికి మాత్రం డబ్బా దించాల్సిందే. వీటన్నిటికంటే ముందు థర్మోస్టాట్ (ఇంజిన్ నీళ్లు ఎంత వేడెక్కాక పెద్ద రేడియేటర్‌కి వదలాలో చూసే వాల్వు) మీద నంబరు చూడండి, ఈ ఇంజిన్‌కి 74, 82, 88 డిగ్రీలవి దొరుకుతాయి. వేడి దేశాలకని చేసిన 74 ఎవరైనా పెట్టి ఉంటే డెర్బీలో హీటర్ ఎప్పటికీ అంతే.

బానెట్ ఎత్తారు కాబట్టి ఇంకొక్కటి. అద్దం ముందు జాలీలోంచి పడే వాన నీరు పోవడానికి ఆ గాలి గదికి కింద గొట్టం ఒకటి ఉంటుంది. ఆకులు పడి అది మూసుకుంటే నీరు లోపలికొచ్చి కార్పెట్ తడిసి నేల రేకు తుప్పు పడుతుంది. ఒక మగ్గు నీళ్లు జాలీలో పోసి బండి కిందికి వంగి చూడండి.

డెర్బీ_శీను · డెర్బీ, ఇంగ్లండ్

రెండు గొట్టాలూ వేడిగానే ఉన్నాయి. థర్మోస్టాట్ తీసి చూశాను, 74. ఎనభై ఎనిమిది ఆర్డరు పెట్టా. మగ్గు నీళ్లు పోశాను, కిందికి రాలేదు.

ఆటోనగర్_మావయ్య · విజయవాడ

అయితే కార్పెట్ ఎత్తు అల్లుడూ.